ల్యాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ తెగుతోందా? ముందు ఏ అంచెలో తెగుతోందో తేల్చండి

ఫోన్లలో వీడియోలు ఆగకుండా వస్తుంటాయి, టీవీకి ఇబ్బంది ఉండదు. ల్యాప్‌టాప్‌లో మాత్రం మీటింగ్ మధ్యలో అవతలి మనిషి బొమ్మ బిగుసుకుపోతుంది. రెండు నిమిషాల్లో దానంతటదే సర్దుకుంటుంది, గంటకి మళ్ళీ మొదలు. ఇలాంటప్పుడు చాలామంది రౌటర్ ఆపి వేస్తారు, నెట్ వాళ్ళకి ఫోన్ చేస్తారు, ఎవరో చెప్పారని విండోస్ మొత్తం తిరిగి ఎక్కిస్తారు. లోపం ఎక్కడుందో తెలియకుండా ఎన్ని చేసినా అదృష్టం మీద ఆధారపడటమే.

ల్యాప్‌టాప్ నుంచి బయటి ప్రపంచానికి దారిలో రెండు అంచెలున్నాయి. ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా గాలిలో ఒకటి, రౌటర్ నుంచి నెట్ కంపెనీ దాకా ఫైబర్‌లో ఇంకొకటి. ఏది తెగుతోందో తేలేవరకూ ఒక్క సెట్టింగు కూడా ముట్టుకోవద్దు.

రెండు కిటికీల పరీక్ష

విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. నల్ల కిటికీ తెరుచుకుంటుంది. ఇక్కడ చెప్పే ఆదేశాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ముందు ఐపీకాన్ఫిగ్ అని కలిపి కొట్టండి. వచ్చిన జాబితాలో వైఫై భాగం కింద డిఫాల్ట్ గేట్‌వే అన్న వరుస ఉంటుంది. దాని ఎదురుగా ఉన్న అంకెలే మీ రౌటర్ చిరునామా. చాలా ఇళ్ళలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, జియో ఫైబర్ ఉన్నచోట సాధారణంగా 192.168.29.1 కనిపిస్తుంది.

ఇప్పుడు పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి ఆ చిరునామా, మళ్ళీ ఖాళీ వదిలి హైఫన్, దాన్ని ఆనుకుని టీ అక్షరం కొట్టండి. ఇది ఆపేదాకా సెకనుకొకసారి రౌటర్‌ని పలకరిస్తూనే ఉంటుంది. అలాంటిదే ఇంకో నల్ల కిటికీ తెరిచి, చిరునామా బదులు 8.8.8.8 పెట్టండి. అది గూగుల్ సర్వర్. ఆఫీసు వీపీఎన్ ఉంటే పరీక్షప్పుడు ఆపేయండి. కొన్ని కంపెనీలు తమ వీపీఎన్‌లో పింగ్‌ను అడ్డుకుంటాయి, లేని లోపం ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు కిటికీలనూ పక్కన పెట్టుకుని మీ పని మీరు చేసుకోండి. నెట్ పోయిన క్షణాన వాటిని చూడండి. కంట్రోల్, సీ కలిపి నొక్కితే పింగ్ ఆగి, ఎన్ని పోయాయో లెక్క చూపిస్తుంది.

రెండు కిటికీలూ ఒకేసారి ఆగితే లోపం గాలి అంచెలో ఉంది, లేదా రౌటరే ఆగింది. మొదటిది నడుస్తూ రెండోది మాత్రమే ఆగితే ల్యాప్‌టాప్‌కీ వైఫైకీ సంబంధం లేదు, లైను పోయింది. రెండూ నడుస్తున్నా సైట్లు తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్ (సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే సేవ) మీద అనుమానపడాలి. వైఫై సెట్టింగుల్లో డీఎన్‌ఎస్ చిరునామాలు 1.1.1.1, 8.8.8.8 అని చేత్తో ఇచ్చి చూడండి.

ఆగినప్పుడు వచ్చే మాట కూడా చదవాలి. జనరల్ ఫెయిల్యూర్ అని వస్తే ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ నుంచే బయటపడింది. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని వస్తే కనెక్షన్ ఉన్నట్టే ఉంది, కబురు మాత్రం పోయి రావడం లేదు. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడూ, చుట్టుపక్కల వైఫైల రద్దీ ఉన్నప్పుడూ ఎక్కువగా ఇదే వస్తుంది. రౌటర్ కిటికీలో జవాబు సమయం 5 గిగాహెర్ట్జ్ (రౌటర్లు వాడే 2.4, 5 బ్యాండ్లలో వేగమైనది) మీద మామూలుగా 1 నుంచి 5 మిల్లీసెకన్లలో ఉంటుంది. అప్పుడప్పుడు ఒక్కటి 50కో 80కో ఎగిరితే పట్టించుకోనక్కర్లేదు, రౌటర్ తన పనిలో ఉండి ఆలస్యంగా పలికి ఉంటుంది. వరసగా 300, 700 వస్తుంటే తెగకపోయినా మీటింగ్ నడవదు.

లోపం లైనులో ఉంటే

ఇది త్వరగా తేలే సంగతి. ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే వెలుతురు ఇంటిదాకా రావడం లేదు. పెట్టె వెనక గుచ్చిన సన్నటి వైరు మంచం కాలి కిందో తలుపు సందులోనో నలిగిందేమో, మరీ చిన్న చుట్టగా చుట్టి ఉందేమో చూడండి. ఆ తీగలో గాజు ఉంటుంది, బిగించి మడిస్తే వెలుతురు కారిపోతుంది. రౌటర్ పేజీలో (రౌటర్ చిరునామాను బ్రౌజర్‌లో కొడితే తెరుచుకునేది) ఆప్టికల్ పవర్ అన్న అంకె చూపిస్తే రాసుకోండి. మైనస్ 15కీ మైనస్ 25కీ మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటితే పెట్టె పట్టుకోగల హద్దు దగ్గర ఉన్నట్టే, ఎప్పుడైనా తెగుతుంది. నెట్ వాళ్ళతో ఫోన్‌లో ఈ అంకె చెబితే, రౌటర్ ఒకసారి ఆపి వేయండన్న మాట దగ్గరే సంభాషణ ఆగిపోదు.

రెండు కిటికీలూ ఆగినవాళ్ళు కూడా చూడాల్సింది ఒకటుంది. అదే పేజీలో అప్‌టైమ్ అని ఉంటుంది, రౌటర్ ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో చెప్పే లెక్క. నెట్ తెగిన వెంటనే చూస్తే అది రెండు మూడు నిమిషాలే చూపిస్తోందా? అంటే రౌటర్ తనంతట తాను ఆగి మళ్ళీ లేచింది. మన ఊళ్ళలో దీనికి పెద్ద కారణం కరెంటు. రెప్పపాటు కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, రౌటర్ మాత్రం పడిపోతుంది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి అది ఆగదు, తప్పు వైఫైదని మనం అనుకుంటాం. రౌటర్‌కి పెట్టే చిన్న డీసీ యూపీఎస్ కొంటే ఈ బాధ పోతుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదవండి. ఎక్కువగా 12 వోల్టులుంటుంది, కొన్నిటికి 9 వోల్టులు. వోల్టులు కచ్చితంగా అవే ఉండాలి, ఆంపియర్లు అంతే ఉన్నా ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ ఉండకూడదు. పిన్ను సైజూ కుదరాలి.

కరెంటు పోకుండానే రౌటర్ ఆగుతుంటే అడాప్టర్ అరిగిపోయి ఉండొచ్చు. పాతబడిన అడాప్టర్ ఖాళీగా ఉన్నప్పుడు సరైన వోల్టేజీ చూపించి, వాడకం పెరిగేసరికి చతికిలబడుతుంది. అదే వోల్టులున్న ఇంకో అడాప్టర్‌తో ఒక రోజు నడిపి చూడటమే సులువైన పరీక్ష.

గాలి అంచెలో తెగుతుంటే

ముందు ల్యాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి అదే గదిలో ఒక గంట వాడండి. అక్కడా తెగితే జబ్బు ల్యాప్‌టాప్‌ది. హాట్‌స్పాట్ మీద బాగుండి ఇంటి వైఫై మీద మాత్రమే తెగితే రౌటర్ సెట్టింగులైనా దూరమైనా కారణం. ఈ ఒక్క పరీక్షతో మిగతా పని సగమవుతుంది.

తరవాత సిగ్నల్ కొలవాలి. టాస్క్‌బార్ మీద గీతలు చూసి ఏమీ తేల్చలేం. నల్ల కిటికీలో నాలుగు మాటలు ఖాళీలు వదిలి కొట్టండి. మొదటిది ఎన్, ఈ, టీ, ఎస్, హెచ్ అక్షరాలు. రెండోది డబ్ల్యూ, ఎల్, ఏ, ఎన్. మూడోది షో, నాలుగోది ఇంటర్‌ఫేసెస్. కొత్త విండోస్ 11లో లొకేషన్ అనుమతి అడగొచ్చు, ఇవ్వండి. వచ్చే జాబితాలో ఛానల్, సిగ్నల్ శాతం, రిసీవ్ రేట్ చూడాలి. విండోస్ లెక్కలో 100 శాతం అంటే మైనస్ 50 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం), 50 శాతం అంటే మైనస్ 75. డెబ్బై పైన ఉంటే సిగ్నల్ సమస్య కాదు, ఇంకో కారణం వెతకాలి. యాభైకి దిగితే ఏ సెట్టింగు మార్చినా పెద్దగా ఒరిగేది ఉండదు, రౌటర్ చోటు మార్చాల్సిందే.

ఇదే ఆదేశంలో చివరి మాట బదులు డబ్ల్యూలాన్‌రిపోర్ట్ అని కలిపి కొడితే, గత మూడు రోజుల్లో వైఫై ఎప్పుడెప్పుడు తెగిందో, ఎందుకో గీతలతో సహా ఒక నివేదిక తయారవుతుంది. దీనికి నల్ల కిటికీని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. నివేదిక ఎక్కడ దాచిందో ఆ కిటికీలోనే చెబుతుంది. ల్యాప్‌టాప్ నిద్రపోయిన సమయాలు కూడా అందులో ఉంటాయి కాబట్టి, నిద్ర లేచాకే తెగుతోందా అన్నది ఇట్టే తెలుస్తుంది.

రౌటర్ ఎక్కడుంది?

నెట్ బిగించడానికి వచ్చినవాళ్ళు తీగ ఎక్కడ లోపలికి వస్తే అక్కడే పెట్టె కొట్టేసి వెళ్తారు. అది సింహద్వారం పైనో, అటక మీదో, టీవీ వెనక చెక్క అరలోనో ఉంటుంది. ల్యాప్‌టాప్ వాడేది ఇంటి అవతలి కొసన పడకగదిలో. మధ్యలో తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు రెండు, ఒక ఇనప బీరువా. 5 గిగాహెర్ట్జ్ తరంగం ఒక గోడ దాటేసరికే బాగా నీరసిస్తుంది, బీరువాలోంచి అసలు పోదు. ఫ్రిజ్, పెద్ద అద్దం, నీళ్ళ ట్యాంకు కూడా అడ్డే. మేడ మీది గదికైతే స్లాబులోని ఇనప చువ్వలు అడ్డం. రౌటర్‌ని మనిషి ఎత్తులో, నాలుగువైపులా ఖాళీ ఉండేలా, ఇంటి నడిమికి తేగలిగితే చాలా ఇళ్ళలో వేరే వైద్యం అక్కర్లేదు. ఫైబర్ తీగ పొడిగించడం నెట్ వాళ్ళ పని. వాళ్ళు రాకపోతే ఫైబర్ పెట్టెను అక్కడే ఉంచి, లాన్ తీగ లాగి రెండో రౌటర్ పెట్టుకోవచ్చు. ఆ పద్ధతి చివర్లో ఉంది.

బ్యాండ్, ఛానల్

రౌటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్‌లను ఒకే పేరుతో చూపిస్తుంటే, ల్యాప్‌టాప్ రెండింటి మధ్య అటూ ఇటూ గెంతుతూ ప్రతి గెంతుకీ కాసేపు తెగొచ్చు. రౌటర్ పేజీలో స్మార్ట్ కనెక్ట్ లేదా బ్యాండ్ స్టీరింగ్ ఆపి, రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టండి. రౌటర్ ఉన్న గది, పక్క గది అయితే 5కే కలపండి. దూరమైతే 2.4. ల్యాప్‌టాప్‌లో వాడని పేరును ఫర్గెట్ చేయండి, లేకపోతే మళ్ళీ దానికే తగులుకుంటుంది. జాబితాలో 5 పేరు అసలు కనిపించకపోతే ఆ ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డు 2.4 మాత్రమే పట్టేది కావచ్చు. కొన్నేళ్ళ కిందటి చవక మోడళ్ళలో అలాంటివి చాలా వచ్చాయి.

2.4లో ఒకదానికొకటి అడ్డుపడని ఛానళ్ళు మూడే: 1, 6, 11. అపార్టుమెంటులో ఫోన్‌లో వైఫై ఎనలైజర్ ఆప్ పెట్టి చూస్తే పాతిక ఇళ్ళ వైఫైలు ఆ కొద్దిపాటి చోటులోనే తొక్కిసలాడుతూ కనిపిస్తాయి. మూడింట్లో తక్కువ బలమైనవి ఉన్నదాన్ని ఎంచుకోండి. ఖాళీగా ఉందని 3, 4 లాంటివి పెడితే ఇటూ అటూ రెండు పక్కల నుంచీ దెబ్బ తింటారు. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ మాత్రమే ఉంచండి. 40 పెడితే వేగం పెరుగుతుందని పెట్టె మీద రాసి ఉన్నా, అపార్టుమెంటులో జరిగేది దానికి విరుద్ధం.

ఒక సంగతి అమెరికా నుంచి పిల్లలు పంపిన ల్యాప్‌టాప్‌ల గురించి. మన దగ్గర 12, 13 ఛానళ్ళు వాడొచ్చు, అక్కడి కార్డులు చాలావరకు వాటిని వాడవు. రౌటర్ ఆటోలో ఉండి ఒక రోజు 13కి వెళ్తే, ఇంట్లో అందరి ఫోన్లకీ వైఫై ఉంటుంది, ఆ ల్యాప్‌టాప్‌కి పేరు కూడా కనిపించదు. ఛానల్ చేత్తో పెట్టేస్తే గొడవ వదులుతుంది.

5లో 36 నుంచి 48 వరకు, లేదా 149 నుంచి 161 వరకు ఉన్నవి పెట్టండి. 52 నుంచి 144 వరకు ఉన్నవి రాడార్లతో పంచుకునే ఛానళ్ళు. రాడార్ జాడ తగిలితే రౌటర్ అక్కడినుంచి తప్పుకోవాలి, అలాంటి ఇంకో ఛానల్‌కి పోతే కనీసం 60 సెకన్లు విన్నాకే ప్రసారం మొదలుపెట్టాలి. ఉన్నట్టుండి 5 పేరే మాయమై నిమిషం తరవాత తిరిగి వస్తుంటే ఇదే అనుమానించాలి.

భద్రత దగ్గర డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని ఉంచండి. పాత పద్ధతి టీకేఐపీ ఉంటే వేగం 54 మెగాబిట్లకి పడిపోతుంది. రెండు, మూడు కలిపిన డబ్ల్యూపీఏ2-డబ్ల్యూపీఏ3 అమరికతో కొన్ని పాత కార్డులు పేచీ పెడతాయి. కొత్త రౌటర్ పెట్టిన రోజు నుంచే ల్యాప్‌టాప్ తెగుతుంటే ముందు చూడాల్సింది ఇది.

2.4 మీద ఉన్నవాళ్ళు ఇంకో రెండు చూసుకోవాలి. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కులు, హబ్‌లు నడుస్తున్నప్పుడు వాటి వైరు నుంచి సరిగ్గా 2.4 దగ్గర రొద వెలువడుతుంది. హార్డ్‌డిస్కు పెట్టగానే నెట్ నెమ్మదిస్తే దాన్ని పొడుగు వైరుతో దూరం జరపండి. రెండోది బ్లూటూత్ హెడ్‌ఫోన్. ల్యాప్‌టాప్‌లో వైఫైకీ బ్లూటూత్‌కీ ఒకటే కార్డు, చాలాసార్లు యాంటెనా కూడా ఒకటే. మీటింగుల్లో మాత్రమే తెగుతోందంటే మైకు ఉన్న బ్లూటూత్ తీసేసి వైరు హెడ్‌ఫోన్‌తో ఒక మీటింగు చేసి చూడండి.

ల్యాప్‌టాప్ లోపల

ఛార్జర్ పెట్టినప్పుడు బాగుండి, బ్యాటరీ మీద మాత్రమే తెగుతుంటే కారణం విద్యుత్ పొదుపు. డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై కార్డు పేరు మీద రెండుసార్లు నొక్కండి. పవర్ మేనేజ్‌మెంట్ టాబ్‌లో, పొదుపు కోసం ఈ పరికరాన్ని ఆపే అనుమతి కంప్యూటర్‌కిచ్చే మొదటి వరుస ఉంటుంది. ఆ టిక్కు తీసేయండి. కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో ఈ టాబే ఉండదు, కంగారుపడక్కర్లేదు. పక్కనున్న అడ్వాన్స్‌డ్ టాబ్‌లో ఇంటెల్ కార్డులకైతే ప్రిఫర్డ్ బ్యాండ్, రోమింగ్ అగ్రెసివ్‌నెస్ అని ఉంటాయి. ఇంట్లో ఒకే రౌటర్ ఉంటే రోమింగ్‌ను కనిష్ఠానికి దించండి. ఎక్కువలో ఉంటే, ఉన్న సిగ్నల్ వదిలి మెరుగైనది వెతుకుతూ పోతుంది.

వైఫై కార్డుని నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్ విషయంలో ఒక జాగ్రత్త. తీసేయడానికి ముందే ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి మీ మోడల్ డ్రైవర్ దించి ఉంచుకోండి. తీసేశాక వైఫై ఉండదు, దించడానికి దారి ఉండదు. అప్పటికే తీసేసి ఉంటే ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, వైఫై లేకుండానే నెట్ వస్తుంది. విండోస్ అప్‌డేట్ తరవాతే గొడవ మొదలైతే కొత్తది వెతకొద్దు, డ్రైవర్ టాబ్‌లో రోల్ బ్యాక్ నొక్కి పాతదానికి వెళ్ళండి. డ్రైవర్లు సరిచేస్తామని చెప్పుకునే ఉచిత ప్రోగ్రాముల జోలికి పోవద్దు.

వైఫైకి కలిసినట్టే ఉండి నెట్ లేనప్పుడు ఐపీకాన్ఫిగ్‌లో 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే, రౌటర్ నుంచి చిరునామా అందలేదని అర్థం. ఇంట్లో రెండు రౌటర్లుంటే రెండూ చిరునామాలు పంచుతున్నాయేమో చూడండి. నెట్‌వర్క్ రీసెట్ అన్న బటన్‌ను ఆఖరికి ఉంచుకోండి. అది దాచిన వైఫై పాస్‌వర్డులన్నీ తుడిచేస్తుంది, ఆఫీసు వీపీఎన్‌ను తిరిగి ఎక్కించాల్సి రావచ్చు.

ఇవేవీ కాదని తేలితే రౌటర్‌కి ఒక మీటరు దూరంలో కూర్చుని సిగ్నల్ శాతం చూడండి. అక్కడ తొంభై దాటాలి. డెబ్బై లోపే ఉంటే కార్డుకి యాంటెనా వైరు సరిగా తగిలి ఉండకపోవచ్చు. యాంటెనాలు చాలా మోడళ్ళలో తెర చుట్టూ ఉంటాయి, వైర్లు కీలు గుండా కిందికి వస్తాయి. కీలు విరిగి బాగుచేయించిన ల్యాప్‌టాప్‌లో, తెర మార్చినదాంట్లో అవి నలగడమో ఊడడమో తరచూ జరుగుతుంది. తెర వంచే కోణాన్ని బట్టి సిగ్నల్ బాగా మారుతుంటే ఈ అనుమానం బలపడుతుంది.

కార్డే పోతే మార్చుకోవచ్చు, అది బోర్డుకి అతికించినది కాకపోతే. ఇంటెల్ ఏఎక్స్210 ఎక్కువ మోడళ్ళకి సరిపోతుంది. ఏఎక్స్201 చూడటానికి అలాగే ఉంటుంది, ధర తక్కువ పలుకుతుంది, కానీ దానికి తగిన ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న బోర్డుల్లోనే పనిచేస్తుంది. ఏఎండీ ల్యాప్‌టాప్‌లో పెడితే కనిపించను కూడా కనిపించదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల కొనేటప్పుడు మోడల్ నంబరు చీటీ మీద రాసుకుని వెళ్ళండి. పాత ల్యాప్‌టాప్‌లు కొన్ని తమ కంపెనీ ఒప్పుకున్న కార్డులు తప్ప వేరేవి తీసుకోవు, అందుకే పనిచేయకపోతే తిరిగి ఇచ్చే షరతు మీదే కొనాలి.

దూరపు గదికి

రిపీటర్ కొనేముందు ఆగండి. ఒకే బ్యాండు మీద విని అదే బ్యాండు మీద తిరిగి చెప్పే రిపీటర్ వేగాన్ని ఇంచుమించు సగం చేస్తుంది. దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెడితే అందించడానికి దానికే ఏమీ అందదు. తీగ లాగగలిగితే ఇంట్లో పడున్న పాత రౌటరే మేలు. దానికి కావలసింది క్యాట్6 లాన్ తీగ ఒకటి. మొదటి రౌటర్ 192.168.1.1 అయితే, పాత రౌటర్ పేజీలో దాని చిరునామాను 192.168.1.2గా మార్చండి. మొదటి రౌటర్ 192.168.29.1 అయితే దీనికి 192.168.29.2. డీహెచ్‌సీపీ, అంటే చిరునామాలు పంచే పని, ఆపండి. వైఫై పేరు, పాస్‌వర్డు మొదటిదానివే ఇచ్చి, ఛానల్ మాత్రం వేరేది పెట్టండి. తీగను వ్యాన్ (బయటి లైను కోసం ఉండే) రంధ్రంలో కాదు, లాన్ రంధ్రాల్లో ఒకదానికి గుచ్చండి. చాలామంది ఇక్కడే పొరబడతారు, సెట్టింగులేవీ మార్చకుండా వ్యాన్‌కి గుచ్చేస్తారు. నెట్ వస్తుంది కానీ ఇంట్లో రెండు వేరు నెట్‌వర్కులు తయారై, పడకగది ల్యాప్‌టాప్‌కి హాల్లో ప్రింటర్ కనబడకుండా పోతుంది. ఇలా రెండు రౌటర్లు పెట్టాక ల్యాప్‌టాప్‌లో రోమింగ్‌ను మళ్ళీ మధ్యస్థానికి తేవాలి.

ల్యాప్‌టాప్ రోజంతా ఒకే బల్ల మీద ఉండేదైతే అదే తీగను నేరుగా దానికే గుచ్చండి. లాన్ రంధ్రం లేని సన్నటి మోడళ్ళకి యూఎస్‌బీ గిగాబిట్ లాన్ అడాప్టర్ దొరుకుతుంది.